కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనివర్సిటీకి: క్రెడిట్లు ఎక్కడ గల్లంతవుతాయి?

అమెరికాలో రెండేళ్ల కోర్సులు నడిపే కమ్యూనిటీ కాలేజీలో చేరేవారిలో దాదాపు 80 శాతం మంది ఏదో ఒకనాటికి బ్యాచిలర్స్ డిగ్రీ చేయాలనే అనుకుంటారు. నాలుగేళ్ల యూనివర్సిటీకి నిజంగా మారేది మొత్తంలో మూడో వంతు. చేరిన ఆరేళ్లకు డిగ్రీ చేతికొచ్చేది నూటికి 16 మందికి.

మధ్యలో ఉద్యోగంలో పడి చదువు ఆపేసినవాళ్లు ఉంటారు, డబ్బు చాలక మానేసినవాళ్లు ఉంటారు. కానీ ఫీజు కట్టి, చదివి, పాసై కూడా ఆ చదువు డిగ్రీ లెక్కలోకి రాక వెనకబడినవాళ్లూ తక్కువేం కాదు. 2004-09 మధ్య కాలేజీ మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు, అంటే పాసైన కోర్సులకు డిగ్రీ లెక్కలో దక్కే పాయింట్లు, పోగొట్టుకున్నారని అమెరికా కాంగ్రెస్‌కు లెక్కలు తనిఖీ చేసిపెట్టే జీఏఓ 2017లో అంచనా కట్టింది. ప్రభుత్వ కాలేజీ నుంచి మరో ప్రభుత్వ కాలేజీకి మారినవారికి కూడా ఆ నష్టం 37 శాతం.

యూనివర్సిటీలూ కమ్యూనిటీ కాలేజీలూ చేసుకునే ట్రాన్స్‌ఫర్ ఒప్పందాలన్నీ ఈ నష్టాన్ని ఆపడానికే. అయితే ఒప్పందాలన్నీ ఒక్క తీరువి కావు. కొన్ని సీటుకు హామీ ఇస్తాయి, కొన్ని క్రెడిట్లకు ఇస్తాయి. మీరు చదవదలచుకున్న మేజర్లో (ప్రధాన సబ్జెక్టులో) ఏ కోర్సు ఏ కోర్సుకు బదులు చెల్లుతుందో వరుసగా రాసి ఇచ్చేవి తక్కువ. విద్యార్థికి అసలు విలువైనవి ఆ మూడో రకమే.

తీసుకోవడం వేరు, డిగ్రీకి పనికిరావడం వేరు

మన దగ్గర పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు. డిప్లొమాలో ఏ సబ్జెక్టు ఏ పుస్తకంలో చదివారని కాలేజీ విడివిడిగా తూకం వేయదు. మొదటి ఏడాది గడిచినట్టేనని ప్రభుత్వమే ఒక్క గీత గీసింది. అమెరికాలో మామూలుగా అలాంటి గీత ఉండదు. అక్కడ కోర్సు కోర్సునూ విడిగా చూస్తారు.

బ్యాచిలర్స్ డిగ్రీకి సుమారు 120 సెమిస్టర్ క్రెడిట్లు కావాలి, ఒక్కో కోర్సు మూడు నాలుగు క్రెడిట్లు. కమ్యూనిటీ కాలేజీలో 60, యూనివర్సిటీలో 60 అన్నది 2+2 లెక్క. యూనివర్సిటీకి ట్రాన్స్‌క్రిప్ట్ (చదివిన కోర్సులూ గ్రేడ్లూ ఉండే పత్రం) చేరాక రెండు వేర్వేరు నిర్ణయాలు జరుగుతాయి. మొదటిది అడ్మిషన్ల ఆఫీసులో: ఈ కోర్సును క్రెడిట్‌గా తీసుకోవచ్చా? రెండోది డిపార్ట్‌మెంట్‌లో: తీసుకున్నాం సరే, ఇది మన మేజర్లో దేనికి బదులు? మొదటి దశలో 60కి 60 వచ్చాయని ఉత్తరం చూసి కుటుంబం సంబరపడుతుంది. రెండో దశలో అందులో 15 'ఎలెక్టివ్' (మేజర్‌కు తప్పనిసరి కాని ఐచ్ఛిక కోర్సు) పేరుతో పక్కన పడతాయి. ఆ మేజర్లో ఎలెక్టివ్‌లకు ఆరు క్రెడిట్లే చోటుంటే మిగతా తొమ్మిది ట్రాన్స్‌క్రిప్ట్ మీద అలంకారంగా ఉంటాయి, డిగ్రీని ఒక్క రోజు కూడా ముందుకు జరపవు.

ఇది ఎక్కువగా ఎక్కడ జరుగుతుందో అనుభవమున్న అడ్వైజర్లకు బాగా తెలుసు. ఫిజిక్స్ రెండు రకాలుగా చెబుతారు, ఆల్జీబ్రాతో, క్యాల్క్యులస్‌తో. మొదటిది జీవశాస్త్రం వైపు వెళ్లేవారికి సరిపోవచ్చు, ఇంజనీరింగ్‌కు చెల్లదు. క్యాల్క్యులస్‌లో కూడా బిజినెస్ విద్యార్థుల కోసం తేలిక చేసిన కోర్సు ఒకటుంటుంది. అందులో ఏ గ్రేడు తెచ్చుకున్నా కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్ మళ్లీ మొదటి క్యాల్క్యులస్ నుంచి మొదలుపెట్టమంటుంది. ప్రోగ్రామింగ్‌లో చిక్కు భాష దగ్గర వస్తుంది. కమ్యూనిటీ కాలేజీ డేటా స్ట్రక్చర్స్‌ను పైథాన్‌లో చెప్పి, యూనివర్సిటీలో తరువాతి కోర్సులు సీ ప్లస్ ప్లస్ మీద నడుస్తుంటే, కోర్సు పేరు ఒకటే అయినా సమానమని ఒప్పుకోకపోవచ్చు.

విద్యా సంవత్సరాన్ని మూడు టర్మ్‌లు చేసే క్వార్టర్, రెండు చేసే సెమిస్టర్ పద్ధతుల తేడా ఇంకో గుంట. ఒక క్వార్టర్ యూనిట్ (క్రెడిట్‌కే ఇంకో పేరు) అంటే మూడింట రెండు వంతుల సెమిస్టర్ యూనిట్, కాబట్టి 90 క్వార్టర్ యూనిట్లు 60 సెమిస్టర్ యూనిట్లకు సమానం. అంకెల మార్పిడి సులువే, సిలబస్ మార్పిడి సులువు కాదు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కూపర్టినోలోని డి ఆంజా కాలేజీ క్వార్టర్ పద్ధతిలో నడుస్తుంది. సెమిస్టర్ కాలేజీలు మూడు కోర్సుల్లో చెప్పే క్యాల్క్యులస్‌ను అక్కడ నాలుగు ముక్కలు చేసి చెబుతారు. రెండు ముక్కలయ్యాక సెమిస్టర్ కాలేజీకి మారితే ఆ రెండూ కలిసి అక్కడి ఒకటిన్నర కోర్సుతో సమానం, అరకోర్సుకు ఎవరూ క్రెడిట్ ఇవ్వరు. అందుకే క్యాల్క్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ వంటి వరుస కోర్సులను మొదలుపెట్టిన కాలేజీలోనే పూర్తిచేయాలి. వేసవిలో దగ్గర్లోని మరో కాలేజీలో ఒకటి కానిచ్చేద్దామనే ఆలోచన ఇక్కడే బెడిసికొడుతుంది.

హైస్కూల్లో రాసిన ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే కాలేజీ స్థాయి) పరీక్షలదీ ఇలాంటి కథే. కమ్యూనిటీ కాలేజీ ఆ స్కోరుకు క్రెడిట్ ఇచ్చిందని యూనివర్సిటీ కూడా ఇచ్చేయదు. స్కోరును ఆ పరీక్షలు పెట్టే కాలేజ్ బోర్డ్ నుంచి నేరుగా తెప్పించుకుని తన సొంత పట్టిక ప్రకారం చూసుకుంటుంది. స్కోరు మళ్లీ పంపించడం మరిచిపోయి, ఇంగ్లిష్ కోర్సు ఒకటి లోటుపడి అడ్మిషన్ చిక్కుల్లో పడేవాళ్లు ఏటా కనిపిస్తారు.

కాలిఫోర్నియా లెక్క

ఒప్పందాల లోతూ లోపాలూ ఒకేచోట చూడాలంటే కాలిఫోర్నియాను మించిన రాష్ట్రం లేదు. 1960 నాటి మాస్టర్ ప్లాన్ ఉన్నత విద్యను మూడంచెలు చేసింది: పరిశోధనకు యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా), బ్యాచిలర్స్ చదువుకు ప్రధానంగా సీఎస్‌యూ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ), అందరికీ తలుపు తెరిచి కమ్యూనిటీ కాలేజీలు. ఇవిప్పుడు 116 ఉన్నాయి. వీటిలో రాష్ట్ర నివాసికి ఫీజు యూనిట్‌కు 46 డాలర్లు, అంటే 60 యూనిట్లకు 2,760 డాలర్లు. పుస్తకాలూ ఇతర రుసుములూ అదనం.

2010లో వచ్చిన ఎస్‌బీ 1440 చట్టం ట్రాన్స్‌ఫర్ కోసమే ప్రత్యేకించిన అసోసియేట్ డిగ్రీని (కమ్యూనిటీ కాలేజీ ఇచ్చే రెండేళ్ల డిగ్రీని) తెచ్చింది. వాడుకలో దాన్ని ఏడీటీ అంటారు. 60 యూనిట్ల ఏడీటీ పూర్తిచేసినవారికి సీఎస్‌యూలో చోటు ఖాయం, అదే తరహా మేజర్లో చేరితే మరో 60 యూనిట్లలో డిగ్రీ ముగించవచ్చు. ఇందులో మెలిక ఏమిటంటే, హామీ సీఎస్‌యూ వ్యవస్థకే, కోరుకున్న క్యాంపస్‌కు కాదు. శాన్ హోసేలో ఇల్లుండి అక్కడి స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ కోరుకునే విద్యార్థికి ఎక్కడో దూరపు క్యాంపస్‌లో సీటు చూపినా చట్టం ప్రకారం హామీ నెరవేరినట్టే. అలాగే మాట్లాడటం, రాయడం, తార్కికంగా ఆలోచించడం, గణితం అనే నాలుగు ప్రాథమిక కోర్సుల్లో గ్రేడు సీ మైనస్‌కు తగ్గకూడదు. వీటిలో ఒకటి లోటున్నా మిగతా 57 యూనిట్లు ఎంత బాగున్నా దరఖాస్తు నిలవదు.

యూసీ దారి వేరు. దానికి 'ట్యాగ్' అనే ప్రవేశ హామీ ఉంది. డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లు దీన్నిస్తాయి. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో ఇవ్వవు. ఒక విద్యార్థి ఒకే క్యాంపస్‌కు ట్యాగ్ పెట్టుకోగలడు, అదీ సెప్టెంబరు నెలలోనే. ఆ తరువాత యూసీ మామూలు దరఖాస్తు కూడా విడిగా నింపాలి. ట్యాగ్ ఆమోదం వచ్చిందని ఇది వదిలేస్తే హామీ కాస్తా చెల్లని చీటీ అవుతుంది. పైగా కొన్ని క్యాంపస్‌లు రద్దీ ఎక్కువగా ఉండే మేజర్లను ట్యాగ్ నుంచి తప్పిస్తాయి, ఆ జాబితా ఏటా మారొచ్చు. మనవాళ్లు ఎక్కువగా కోరేవి సరిగ్గా ఆ మేజర్లే కాబట్టి సెప్టెంబరుకు ముందే ఆ ఏటి జాబితా చూసుకోవడం తప్పనిసరి.

ఇంకో తప్పు జనరల్ ఎడ్యుకేషన్ దగ్గర జరుగుతుంది. చరిత్ర, కళలు, సామాజిక శాస్త్రాలు కలిసిన ఉమ్మడి కోర్సుల కట్ట ఒకటుంటుంది. 2025 నుంచి యూసీకీ సీఎస్‌యూకీ కలిపి దాన్ని కాల్-గెట్‌సీ పేరుతో ఒక్కటి చేశారు. ఆ కట్ట పూర్తిచేస్తే పనైపోయిందనుకోవడం ఇంజనీరింగ్ విద్యార్థికి ప్రమాదం. ఆ మేజర్లకు ఎంపిక చేసేటప్పుడు యూనివర్సిటీ చూసేది గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ప్రోగ్రామింగ్ ఎంతవరకు అయ్యాయన్నది. వాటిని వెనక్కి నెట్టి కళల కోర్సులు ముందు ముగిస్తే, 60 యూనిట్లుండీ మేజర్‌కు సిద్ధం కాని విద్యార్థిగా మిగులుతారు.

ఈ రాష్ట్రం చేసిన మేలైన పని అసిస్ట్ అనే ఉమ్మడి వెబ్‌సైటు అని నా అభిప్రాయం. కమ్యూనిటీ కాలేజీ పేరు, వెళ్లాలనుకున్న క్యాంపస్, మేజర్ ఎంచుకుంటే కోర్సుకు కోర్సు పక్కపక్కన చూపిస్తుంది. ఒక గడిలో 'సమానమైన కోర్సు లేదు' అని కనబడితే అది చిన్న విషయం కాదు. దానికర్థం ఆ కోర్సు మరో కమ్యూనిటీ కాలేజీలో చేయాలి, లేదా యూనివర్సిటీకి వెళ్లాక చేయాలి. రెండోదైతే దాని మీద ఆధారపడ్డ పై కోర్సులన్నీ వెనక్కి జరుగుతాయి.

మిగతా రాష్ట్రాల పద్ధతులు

ఫ్లోరిడా ఈ సమస్యను మొదటి మెట్టు దగ్గరే పట్టుకుంది. అక్కడ ప్రభుత్వ కాలేజీలన్నిటికీ ఒకే కోర్సు నంబర్ల వ్యవస్థ ఉంది. అక్షరాలూ చివరి మూడంకెలూ కలిస్తే ఆ కోర్సును అవతలి కాలేజీ ఒప్పుకోవాల్సిందే. 2006లో మొదలైన డైరెక్ట్‌కనెక్ట్ ద్వారా వాలెన్సియా వంటి కాలేజీల్లో అసోసియేట్ ఇన్ ఆర్ట్స్ పూర్తిచేసినవారికి యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ ఫ్లోరిడాలో ప్రవేశం ఖాయం. సీట్లు పరిమితంగా ఉండే ప్రోగ్రాములకు మాత్రం ఆ హామీ వర్తించదు. కాలిఫోర్నియా ఉమ్మడి నంబర్ల కోసం 2021లో ఏబీ 1111 అనే చట్టం చేసుకోవాల్సి వచ్చింది.

టెక్సస్‌లో 42 గంటల (క్రెడిట్ల) కోర్ కరికులమ్‌ను, అంటే అందరికీ ఉమ్మడిగా ఉండే కోర్సుల కట్టను, ఒక ప్రభుత్వ కాలేజీలో పూర్తిచేస్తే మరో ప్రభుత్వ యూనివర్సిటీ దాన్ని మొత్తంగా ఒప్పుకోవాలి. ఫ్రిస్కో, ప్లేనోల్లోని తెలుగు పిల్లలు చాలామంది కాలిన్ కాలేజీ కోర్సులను ఆ ధైర్యంతోనే తీసుకుంటారు. కోర్ వరకు ఆ ధైర్యం సరైనదే. కానీ అది డిగ్రీలో మూడో వంతు మాత్రమే, మేజర్ కోర్సుల సంగతి మళ్లీ విడిగా చూసుకోవాలి. వాషింగ్టన్‌లో ఇదే చిక్కు డిగ్రీ రకంలో ఉంటుంది. డీటీఏ అనే అసోసియేట్ డిగ్రీ జనరల్ ఎడ్యుకేషన్ భారాన్ని దించుతుంది. ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ వైపు వెళ్లేవారికి ఏఎస్-టీ అనే మరో అసోసియేట్ డిగ్రీలో రెండో ట్రాక్ సరైనది. పేరులో 'అప్లయిడ్' అని ఉన్న ఏఏఎస్ డిగ్రీలు ప్రధానంగా ఉద్యోగం కోసం రూపొందించినవి, వాటితో 2+2 లెక్క కుదరడం అరుదు.

వర్జీనియాలో నోవా అని పిలిచే నార్తర్న్ వర్జీనియా కమ్యూనిటీ కాలేజీ, జార్జ్ మేసన్ యూనివర్సిటీ 2018లో మొదలుపెట్టిన అడ్వాన్స్ పద్ధతి వీటన్నిటికన్నా ఒక అడుగు ముందుంది. విద్యార్థి నోవాలో ఉండగానే మేసన్ విద్యార్థిగా కూడా లెక్క. మొదటి సెమిస్టర్ నుంచి డిగ్రీ దాకా కోర్సుల దారి ముందే గీసి ఉంటుంది, దాని మీద నడిపించడానికి ఒక కోచ్ ఉంటారు, మారేటప్పుడు మళ్లీ ప్రవేశ దరఖాస్తు పెట్టక్కర్లేదు. దీని బలమంతా సమయంలో ఉంది. మామూలు పద్ధతిలో యూనివర్సిటీ అడ్వైజర్ విద్యార్థిని చూసేసరికి 60 క్రెడిట్లు అయిపోయి ఉంటాయి, తప్పు కోర్సు తీసుకున్నాక చెప్పి లాభం లేదు. ఇక్కడ 15 క్రెడిట్ల దగ్గరే పట్టుకుంటారు. ఖర్చు కూడా అక్కడే ఉంది. కోచ్‌ల జీతాలు, రెండు సంస్థల రికార్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటు, వీటికి ఏటా డబ్బు కావాలి. సంతకాలు పెట్టి ఫొటోలు దిగిన ఒప్పందాల్లో చాలావాటికి ఈ పద్దు ఉండదు.

ఒప్పందం ఎందుకు పాతబడుతుంది

సంతకం పెట్టేది ప్రెసిడెంట్లు, కోర్సులు మార్చేది డిపార్ట్‌మెంట్లు. యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంట్ సమావేశమై రెండో ఏడాదిలో ఒక కొత్త ప్రీరిక్విజిట్ (ముందే పూర్తిచేయాల్సిన కోర్సు) పెడుతుంది. వారి దృష్టిలో అది పాఠ్యాంశాల మెరుగుదల. ఆ సంగతి ఇరవై మైళ్ల దూరంలోని కమ్యూనిటీ కాలేజీ అడ్వైజర్‌కు చేరేసరికి రెండు సెమిస్టర్లు గడుస్తాయి. అప్పటికి ఏ కోర్సుకు ఏది బదులో చూపే పాత మ్యాప్ పట్టుకుని ఒక బ్యాచ్ చదువు ముగించేసి ఉంటుంది. మంచి ఒప్పందాలు దీనికి రెండు రక్షణలు పెట్టుకుంటాయి. విద్యార్థి కమ్యూనిటీ కాలేజీలో చేరిన ఏటి క్యాటలాగే (కోర్సుల, డిగ్రీ నియమాల పుస్తకమే) అతనికి చివరిదాకా వర్తిస్తుందని రాసుకుంటాయి. ఏటా ఫలానా నెలలో రెండు వైపుల అధ్యాపకులు కూర్చుని మ్యాప్ సరిచూడాలని తేదీ పెట్టుకుంటాయి. మీ చేతిలోని మ్యాప్ మీద సంవత్సరం లేకపోతే దాన్ని నమ్మకండి.

పైకి ఎవరూ అనని కారణం ఇంకొకటుంది. వందలమంది కూర్చునే మొదటి ఏడాది క్లాసుల ఫీజులతోనే చాలా డిపార్ట్‌మెంట్లు పదిమంది ఉండే పై క్లాసుల ఖర్చు భరిస్తాయి. బయటి క్రెడిట్లను ధారాళంగా ఒప్పుకుంటే ఆ ఆదాయం తగ్గుతుంది. నాణ్యత గురించిన అభ్యంతరాలన్నీ సాకులని కాదు, కొన్ని నిజమే. కానీ అదే కోర్సును పక్క యూనివర్సిటీ ఒప్పుకుని ఇది కాదన్నప్పుడు అనుమానం రావడం సహజం. కాదన్న కోర్సు మీద అప్పీలు చేసుకోవచ్చు. దానికి కోర్సు పేరు చాలదు, మీరు చదివిన సెమిస్టర్ నాటి పూర్తి సిలబస్, పాఠ్యపుస్తకం పేరు, వీలైతే ల్యాబ్ రిపోర్టులు, పరీక్షల నమూనాలు కావాలి. సెమిస్టర్ ముగియగానే కోర్సు పేజీ మూసేస్తారు కనుక సిలబస్‌లన్నీ ఎప్పటికప్పుడు దింపి దాచుకోవాలి.

వరుస ఎలా వేసుకోవాలి

ఇంజనీరింగ్‌ను తీసుకుంటే, మూడు క్యాల్క్యులస్‌లు, ఆపైన డిఫరెన్షియల్ ఈక్వేషన్స్. ఇవి ఒకదాని తరువాత ఒకటి చేయాల్సినవి, అంటే నాలుగు సెమిస్టర్లు. మెకానిక్స్ ఫిజిక్స్‌కు మొదటి క్యాల్క్యులస్ అయి ఉండాలి కాబట్టి అది రెండో సెమిస్టర్‌లో మొదలై, విద్యుత్తు, అయస్కాంతత్వం మూడోదానికి చేరుతుంది, సర్క్యూట్స్ నాలుగోదానికి. ఎక్కడా ఖాళీ లేదు. ఏ స్థాయి గణితంతో మొదలుపెట్టాలో తేల్చే ప్లేస్‌మెంట్‌లో ప్రీక్యాల్క్యులస్ దగ్గర మొదలుపెట్టాల్సి వస్తే మొత్తం ఒక సెమిస్టర్ జరుగుతుంది, యూనివర్సిటీ ఏటా ఆగస్టులోనే తీసుకునేదైతే ఆ ఒక్క సెమిస్టర్ ఒక ఏడాది అవుతుంది. చేరకముందు వేసవిలోనే ప్రీక్యాల్క్యులస్ ముగించడం దీనికి చవకైన మందు. సర్క్యూట్స్, స్టాటిక్స్ వంటివి చిన్న కాలేజీల్లో ఏడాదికి ఒక్కసారే పెడతారు, జనం చాలకపోతే రద్దు చేస్తారు. ఏ టర్మ్‌లో పెడతారో మొదటి నెలలోనే అడిగి తెలుసుకోవాలి.

దరఖాస్తు గడువు కూడా అనుకున్నదానికన్నా ముందే వస్తుంది. రెండో ఏడాది అక్టోబరు, నవంబరు నెలల్లో దరఖాస్తు పెట్టేటప్పుడు చేతిలో ఉండేవి మొదటి ఏడాది గ్రేడ్లే, సుమారు 30 క్రెడిట్లవి. కుదురుకున్నాక రెండో ఏడాది చూసుకుందామనుకున్నవారికి ఆ అవకాశం రాదు. యూసీకి పెట్టినవారు శరత్కాల గ్రేడ్లను జనవరిలో అప్‌డేట్‌గా పంపాలి. ఆ తరువాత చెప్పకుండా వసంతకాలపు కోర్సు ఒకటి వదిలేస్తే, వచ్చిన సీటు కూడా రద్దు కావచ్చు. గ్రేడు సీ కంటే తక్కువైతే మేజర్ కోర్సుగా సాధారణంగా చెల్లదు. యూనివర్సిటీలో జీపీఏ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, క్రెడిట్లు వెంట వచ్చినా గ్రేడ్లు రావు. మొదటి సెమిస్టర్‌లో ట్రాన్స్‌ఫర్ విద్యార్థుల జీపీఏ తరచూ పడిపోవడానికి ఒక కారణం, తేలిక కోర్సులన్నీ వెనక వదిలి వచ్చి ఒకేసారి నాలుగు కష్టమైన మేజర్ కోర్సులు తీసుకోవడం. ఒక్క జనరల్ ఎడ్యుకేషన్ కోర్సును కావాలనే మిగుల్చుకోమని అందుకే చెబుతారు.

హెచ్-4, ఎఫ్-1 మీద ఉన్నవారికి

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యులకిచ్చే వీసా) మీద పెరిగిన పిల్లలకు 21వ పుట్టినరోజుతో ఆ హోదా ముగుస్తుంది. 18 ఏళ్లకు కమ్యూనిటీ కాలేజీలో చేరినవారికి ఇది సరిగ్గా యూనివర్సిటీకి మారాక, మూడో ఏడాదిలో ఎదురవుతుంది. ఎఫ్-1 విద్యార్థి వీసా హోదాకు మారే దరఖాస్తు నెలల తరబడి పట్టవచ్చు కనుక, ఏ కాలేజీ ఇచ్చే ఐ-20 (ప్రవేశ ధ్రువపత్రం)తో దరఖాస్తు పెట్టాలన్నది ట్రాన్స్‌ఫర్ తేదీతో కలిపి ఆలోచించాలి. చాలా రాష్ట్రాల్లో హెచ్-4 పిల్లలు స్థానిక ఫీజుకు అర్హులు. కాలిఫోర్నియా, టెక్సస్‌లలో సొంతంగా ఎఫ్-1 ఉన్నవారు రాష్ట్రంలో నివాసం స్థిరపరచుకున్నట్టు లెక్క కాదు, దాంతో ఫీజు ఎన్నో రెట్లు పెరగొచ్చు. హెచ్-4కు గానీ ఎఫ్-1కు గానీ ఫెడరల్ ఆర్థిక సాయం ఉండదు.

ఎఫ్-1 మీద నేరుగా కమ్యూనిటీ కాలేజీకి వచ్చినవారు సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు చదవాలి, అందులో ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే లెక్కకొస్తుంది. మారేటప్పుడు పాత కాలేజీ సెవిస్ రికార్డును (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్‌లోని వివరాలను) కొత్త యూనివర్సిటీకి విడుదల చేయాలి, కొత్త చోట చదువు ఐదు నెలల్లోపు మొదలవ్వాలి. మేలో ముగించి ఆగస్టులో చేరితే ఇబ్బంది లేదు. డిసెంబరులో అసోసియేట్ డిగ్రీ ముగించి, ఆగస్టులో మాత్రమే తీసుకునే యూనివర్సిటీకి వెళ్లాలంటే ఎనిమిది నెలల ఖాళీ వస్తుంది, హోదా నిలవదు. అలాంటప్పుడు డిగ్రీని డిసెంబరులో ముగించకుండా వసంతకాలానికి సరిపడా కోర్సులు మిగుల్చుకోవాలి. అసోసియేట్ డిగ్రీ తరువాత ఏడాది ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసేందుకు అనుమతి) తీసుకునే వీలుంది, బ్యాచిలర్స్ తరువాత మళ్లీ విడిగా మరో ఏడాది వస్తుంది. సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం చదివినవారికిచ్చే స్టెమ్ పొడిగింపు మాత్రం అసోసియేట్ డిగ్రీకి లేదు.

ఇక అసోసియేట్ డిగ్రీ పూర్తికాకుండానే, 45 క్రెడిట్ల దగ్గర యూనివర్సిటీకి మారిపోయినవారి సంగతి. చాలా రాష్ట్రాల్లో రివర్స్ ట్రాన్స్‌ఫర్ ఏర్పాటు ఉంది. యూనివర్సిటీలో చదివిన క్రెడిట్లను వెనక్కి పంపి, 60 నిండగానే పాత కాలేజీ నుంచి అసోసియేట్ డిగ్రీ తీసుకోవచ్చు. ట్రాన్స్‌క్రిప్ట్ పంచుకోవడానికి అనుమతి సంతకం, పాత కాలేజీలో నిర్ణీత సంఖ్యలో క్రెడిట్లు చేసి ఉండటం, ఈ రెండే సాధారణంగా అడుగుతారు. మధ్యలో చదువు ఆగిపోయినా చేతిలో ఒక డిగ్రీ అంటూ ఉంటుంది. యూనివర్సిటీ తనంతట తాను అడుగుతుందని ఎదురుచూడకుండా రిజిస్ట్రార్ ఆఫీసులో విద్యార్థే అడగాలి.